మేలు చేసే కల్తీ

కల్తీ అన్న మాట వింటేనే మనకు ఒళ్ళు మండుతుంది. పాలలో నీళ్ళు, బియ్యంలో రాళ్ళు, మిరియాలలో బొప్పాయి గింజలు, కారంలో ఇటుక పొడి - చెప్పుకుంటూ పోతే ఈ జాబితాకు అంతు లేదు. స్వచ్ఛమైనదంటే మంచిది, కల్తీదంటే చెడ్డది అని బడికి వెళ్ళే పిల్లవాడైనా చెబుతాడు. కాని ప్రకృతి ఈ న్యాయాన్ని అన్నిచోట్లా పాటించదు. కొన్ని పదార్థాలు పరిశుద్ధంగా ఉన్నంతకాలం ఎందుకూ కొరగావు. చిటికెడు కల్తీ పడితేనే వాటికి వన్నె, విలువ, వెలుగు!

ఉంగరంలోని కెంపునే చూడండి. దాని అసలు పదార్థం అల్యూమినియం ఆక్సైడు. అది పరిశుద్ధంగా ఉంటే గాజుముక్కలాగా ఏ రంగూ లేకుండా ఉంటుంది. అందులో రవ్వంత క్రోమియం చేరితే కెంపు అవుతుంది. క్రోమియానికి బదులు ఇనుమూ, టైటానియమూ చేరితే నీలం అవుతుంది. మన జ్యోతిష్కులు కెంపును సూర్యుడికీ, నీలాన్ని శనికీ ఇచ్చారు. పురాణాలు ఆ ఇద్దరినీ తండ్రీ కొడుకులంటాయి. రసాయనశాస్త్రాన్ని అడిగితే, కాదు, అన్నదమ్ములంటుంది. తల్లి ఒక్కటే, కల్తీలోనే తేడా.

ఇటువంటి మేలు కల్తీని కంటికి కనబడని నలుసులలోకి, అందులోనూ వెలుగు దెబ్బతో ఎక్కించే విద్య ఒకటి ఇప్పుడు ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలలో సాగుతున్నది. ఇది శాస్త్రజ్ఞుల సరదా కాదు. మన ఇళ్ళలో వెలిగే తెరల వెనుక విషం ఉండాలా, ఉండనక్కరలేదా అన్న ప్రశ్న దీనితో ముడిపడి ఉన్నది.

పది లక్షలకు ఒక్కటి

రాగి తీగలో విద్యుత్తు సులభంగా పారుతుంది. గాజులో పారదు. ఈ రెంటికీ నడుమ ఉండేవి అర్ధవాహకాలు - సిలికాను, జర్మేనియం, జింకు సల్ఫైడు మొదలైనవి. పరిశుద్ధమైన సిలికాను విద్యుత్తు విషయంలో చాలా పిసినారి. అయితే పది లక్షల సిలికాను పరమాణువులకు ఒక్క ఫాస్ఫరసు పరమాణువును కలపండి. దాని స్వభావమే మారిపోతుంది, విద్యుత్తును ప్రసరింపజేసే శక్తి లక్షల రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే, వచ్చిన ప్రతి ఫాస్ఫరసు అతిథీ తన వెంట ఒక ఎలక్ట్రానును అదనంగా తెచ్చి ఇంట్లో వదులుతుంది. ఆ ఎలక్ట్రానుకు కాపురం లేదు గనుక అది ఇల్లంతా తిరుగుతుంది. ఆ తిరుగుడే విద్యుత్తు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరుకు మూలం ఇదే. దాన్ని కనిపెట్టిన బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీలకు 1956లో నోబెల్ బహుమానం వచ్చింది. మన పెద్దలు క్రికెట్టు వ్యాఖ్యానం వినడానికి చెవి దగ్గర పెట్టుకున్న ట్రాన్సిస్టరు రేడియో మొదలు ఇవాళ ప్రతి చేతిలోనూ ఉన్న సెల్‌ఫోను వరకు అన్నీ ఈ కల్తీ బిడ్డలే. శాస్త్రజ్ఞులు దీన్ని డోపింగు అంటారు. మనం మేలు కల్తీ అందాం.

గడియారం ముఖం మీద

కల్తీ వల్ల విద్యుత్తే కాదు, వెలుగు కూడా వస్తుంది. వెనుకటి రోజుల్లో చీకట్లో అంకెలు పచ్చగా మెరిసే గడియారాలు ఉండేవి. 'రేడియం వాచీ' అనేవారు. నిజానికి మెరిసింది రేడియం కాదు. జింకు అంటే మన తుత్తునాగం. అది గంధకంతో కలిస్తే జింకు సల్ఫైడు అనే తెల్లని పొడి అవుతుంది. అందులో రవ్వంత రాగి కలుపుతారు. రేడియం నుంచి వచ్చే కిరణాలు ఆ పొడిని తట్టి లేపుతూ ఉంటే పొడి మెరిసేది. అదే జింకు సల్ఫైడులో రాగికి బదులు వెండి కలిపితే నీలికాంతి వస్తుంది. వెనుకటి పెద్ద గాజుబుడ్డి టెలివిజన్ల తెర మీద నీలిరంగు బొట్టు అదే.

ఆ గడియారాల కథలో ఒక విషాదం కూడా ఉన్నది. 1920 ప్రాంతాలలో అమెరికాలో ఆ రంగును అంకెల మీద దిద్దడానికి ఆడపిల్లలను పెట్టుకున్నారు. కుంచె మొన సన్నగా రావాలని వారు దాన్ని పెదవులతో తడుపుకునేవారు. రంగులోని రేడియం వారి ఎముకలలో చేరింది. దవడలు పుచ్చి, రక్తం పాడై అనేకమంది చనిపోయారు. కంటికి ఇంపైన వెలుగుకు ఎవరో ఎక్కడో మూల్యం చెల్లిస్తూ ఉండవచ్చునన్న పాఠం అప్పుడే రావలసింది. మనం దాన్ని మళ్ళీ మళ్ళీ నేర్చుకుంటున్నాం.

నలుసు చిన్నదైతే రంగు మారుతుంది

ఇప్పుడు నలుసుల సంగతికి వద్దాం. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన వేలిగోరు ఒక సెకండులో సుమారు ఒక నానోమీటరు పెరుగుతుంది. అంటే మీరు ఈ వాక్యం చదివేలోపు మీ గోరు పెరిగినంత కొలతలో ఉండే స్ఫటికాలను నానో స్ఫటికాలంటారు.

అంత చిన్న అర్ధవాహక స్ఫటికాలలో ఒక విచిత్రం ఉన్నది. వీణ తీగను మెట్టు మీద నొక్కి పొట్టి చేస్తే శ్రుతి పెరుగుతుంది గదా! అలాగే స్ఫటికం చిన్నదైన కొద్దీ, దానిలో ఇరుక్కున్న ఎలక్ట్రాను శ్రుతి పెరిగి, వెలుగు ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. కాడ్మియం సెలినైడు అనే పదార్థంలో 6 నానోమీటర్ల నలుసు ఎర్రగా, 2 నానోమీటర్ల నలుసు నీలంగా వెలుగుతుంది. పదార్థం ఒకటే, పరిమాణమే రంగు!

ఈ విచిత్రాన్ని 1981లో లెనిన్‌గ్రాడులో ఎకిమోవ్ రంగు గాజులలో కనిపెట్టాడు. 1983లో బెల్ ప్రయోగశాలలో బ్రూస్ ద్రావణాలలో చూశాడు. 1993లో మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో బావెండీ ఒకే పరిమాణం గల నలుసులను తయారు చేసే మార్గం చూపించాడు. ముగ్గురికీ కలిపి 2023లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఈనాటి కొన్ని ఖరీదైన టెలివిజన్లలో రంగులు అంత నిగనిగలాడటానికి కారణం ఈ నలుసులే.

అమ్మో, నొప్పి!

అయితే బావెండీ మార్గంలో మొదట వాడిన కాడ్మియం ద్రవం గాలి తగిలితే మండే విషం. దాన్ని సుమారు 300 డిగ్రీల వేడిలో ఉన్న నూనెవంటి ద్రావకంలోకి ఒక్కసారిగా గుమ్మరించాలి. ఇది పని చేసేవాడికి ప్రమాదం. తయారైన నలుసులోనూ కాడ్మియమే ఉంటుంది.

కాడ్మియం ఏమి చేస్తుందో జపాను దేశానికి తెలుసు. తొయామా జిల్లాలో పారే జింజూ నదికి ఎగువన గనులుండేవి. వాటి మురుగులోని కాడ్మియం నదిలో చేరింది. ఆ నీటితో వరి పండింది. ఆ బియ్యం తిన్నవారిలో, ముఖ్యంగా వయసు మళ్ళిన స్త్రీలలో, ఎముకలు గుల్లబారి దగ్గితేనే విరిగేవి. వారు 'ఇటాయ్, ఇటాయ్' అని ఏడ్చేవారు. మన మాటలో 'అమ్మో, నొప్పి' అని అర్థం. ఆ జబ్బుకు అదే పేరయింది. అది కాడ్మియం వల్ల వచ్చినదేనని 1968లో జపాను ప్రభుత్వం ఒప్పుకున్నది.

గోడకు తగిలించిన టెలివిజనులో ఉండేది రవ్వంత కాడ్మియమే. అది దానంతట అది బయటికి వచ్చి మనలను బాధించదు. కాని లక్షల పెట్టెలు తయారయ్యే చోటా, పాడైపోయి పారవేసే చోటా ఆ రవ్వంతలన్నీ కలుస్తాయి. అందుకనే ఐరోపా దేశాలు విద్యుత్ పరికరాల పదార్థాలలో కాడ్మియం బరువుకు నూటికి 0.01 వంతు మించరాదని హద్దు పెట్టాయి.

పాత అతిథి, కొత్త ఇల్లు

మరి విషం లేని నలుసు సాధ్యమా? ఇక్కడ మన పాత గడియారం పొడి జ్ఞాపకం వస్తుంది. జింకు సల్ఫైడులో కాడ్మియం లేదు. కాని ఒక చిక్కు ఉన్నది. దాన్ని ఎంత చిన్న నలుసు చేసినా అది స్వయంగా ఇచ్చే వెలుగు మన కంటికి ఆనదు. అతినీల లోహిత కాంతి వైపు వెళ్ళిపోతుంది. అందుకని దానిలోకి ఒక అతిథిని పంపాలి. మాంగనీసు అందుకు తగినది. జింకు కూర్చునే పీటమీద అది సరిగ్గా సరిపోతుంది. పరిమాణం దగ్గర దగ్గర, విద్యుదావేశమూ సమానం. జింకు సల్ఫైడు నలుసు అతినీల లోహిత కాంతిని మింగి, ఆ శక్తిని మాంగనీసుకు అప్పగిస్తుంది. మాంగనీసు దానిని నారింజ రంగులో బయటపెడుతుంది. రంగు నలుసు పరిమాణాన్ని బట్టి కాక, అతిథిని బట్టి వస్తుంది. ఇంకొక లాభం, నలుసు మింగేది ఒక వెలుగు, వదిలేది వేరొక వెలుగు కావటం చేత, ఒక నలుసు వెలుగును పక్క నలుసు దొంగిలించదు.

1994లో అమెరికాలో భార్గవ, ఆయన సహచరులూ ఇటువంటి నలుసులను తయారుచేసి, చిన్న స్ఫటికంలో మాంగనీసు లక్ష రెట్లు చురుకుగా వెలుగుతున్నదని ప్రకటించారు. శాస్త్రలోకం ఉలిక్కిపడింది. 1998లో నెదర్లాండ్సులోని యూట్రెక్టు శాస్త్రజ్ఞులు మళ్ళీ కొలిచి, మాంగనీసు వెలుగు యథాప్రకారం నెమ్మదిగానే ఉన్నదని చూపించారు. చురుకుదనం మాట నిలవలేదు. కాని నలుసులో అతిథి వెలుగుతాడన్న మాట నిలిచింది. ఎందరో ఆ దారి పట్టారు.

అతిథిని గెంటివేసే ఇల్లు

దారి పట్టినవారికి ఒక వింత అడ్డు తగిలింది. స్ఫటికం చిన్నదైన కొద్దీ అతిథిని లోపలికి రానివ్వదు!

ఇది మన వంటింటికి తెలిసిన సంగతే. పంచదార పాకం నుంచి కలకండ కడుతున్నప్పుడు చూడండి. నెమ్మదిగా కట్టిన కలకండ తెల్లగా మెరుస్తుంది. పాకంలోని మడ్డి అంతా బయటనే మిగిలిపోతుంది. స్ఫటికం పెరిగేటప్పుడు తనవారిని మాత్రమే పక్కన కూర్చోబెట్టుకుని, పరాయివారిని బయటికి తోస్తుంది. పెద్ద స్ఫటికంలో అయితే ఒకరిద్దరు పరాయివారు లోతున చిక్కుకొని బయటపడలేక ఉండిపోతారు. నానో స్ఫటికంలో లోతే లేదు. 3 నానోమీటర్ల జింకు సల్ఫైడు నలుసులో ఉండేది లెక్కకు ఏడువందల పరమాణువులు మాత్రమే. వాటిలోనూ ఇంచుమించు నలభై వంతులు పైపొరలోనే ఉంటాయి. ఇల్లంతా వీధి అరుగే అన్నమాట. అతిథి ఎక్కడ కూర్చున్నా గుమ్మం రెండడుగులే.

మరొక లెక్క చూడండి. పది లక్షలకు ఒకటి చొప్పున సిలికానుకు సరిపోయే కల్తీ ఈ నలుసులకు కలిపితే, పదునాలుగువందల నలుసులు వెతికినా అతిథి ఒక్కడే కనబడతాడు. మిగిలిన ఇళ్ళన్నీ చీకటే. అందుచేత ఇక్కడ నూటికి ఒకటి చొప్పునైనా కలపాలి. కలిపితే స్ఫటికం గెంటివేస్తుంది. దీనికి 2005లో అమెరికా నౌకాదళ పరిశోధనశాల, మిన్నెసోటా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక కారణం చెప్పారు. పెరిగే నలుసు ముఖాలపై అతిథి ఎంతసేపు అంటుకుని ఉండగలదో దాన్ని బట్టే ప్రవేశం ఉంటుందన్నారు. మరుసటి సంవత్సరం డాల్పియాన్, చెలికోవ్‌స్కీ అనేవారు, చిన్న స్ఫటికంలో అతిథిని ఉంచుకోవటమే ఖర్చుతో కూడిన పని, అందుకే అది తనను తాను శుద్ధి చేసుకుంటుందని లెక్కలు కట్టారు. ఎవరి వాదం ఎంతవరకు ఒప్పన్న చర్చ ఎలా ఉన్నా, రెండింటిలోనూ ఒక కీలకం దాగి ఉన్నది: గెంటివేయటానికి స్ఫటికానికి వ్యవధి కావాలి.

వ్యవధి ఇవ్వకపోతే?

వెలుగు సమ్మెట

ఇక్కడ లేసరు ప్రవేశిస్తుంది. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబూలో థియొడోర్ మైమాన్ మొదటి లేసరును వెలిగించాడు. అందులో వాడిన రాయి ఏమిటనుకున్నారు? కెంపు! ఆ కెంపులో క్రోమియం లేకపోతే ఆ లేసరే లేదు. ఇప్పుడు ఈ పనికి ఎక్కువగా వాడే లేసరులోనూ యిట్రియం, అల్యూమినియంల స్ఫటికంలో నియోడిమియం అనే లోహాన్ని కల్తీ చేస్తారు. కల్తీ స్ఫటికం నుంచి పుట్టిన వెలుగే కొత్త కల్తీ స్ఫటికాలను పుట్టిస్తున్నది!

ఈ లేసరు నిలకడగా వెలగదు. ఒక్కొక్క దెబ్బగా కొడుతుంది. ఒక దెబ్బ సెకండులో పదికోట్లవ వంతు ఉంటుంది. ఆ వ్యవధిలో వెలుగు పోగలిగిన దూరం మూడు మీటర్లే. అంటే ఒక్కొక్క దెబ్బా మూడు మీటర్ల పొడవుగల వెలుగు కడ్డీ. దెబ్బలో ఉండే శక్తి చాలా కొంచెం. వంద గ్రాముల వంకాయను జానెడులో సగం ఎత్తితే చాలు, అంత శక్తి ఖర్చవుతుంది. కాని ఆ కొంచెమూ అంత కొద్ది వ్యవధిలో పడితే? ఆ క్షణంలో దాని బలం కోటి వాట్లు. వందవాట్ల బల్బులు లక్ష ఒక్కసారి వెలిగినంత! సెకండుకు పది దెబ్బల చొప్పున ఈ యంత్రాన్ని ఏడాది పొడవునా నడిపినా, అది నిజంగా వెలిగిన కాలం అంతా కలిపితే మూడు సెకండ్లు మాత్రమే.

ఆ కడ్డీని కటకంతో చిన్న చుక్క మీదికి కూడదీసి గట్టి పదార్థం మీద కొడితే, ఆ చోటు కరగటానికి కూడా తీరిక లేక భగ్గుమని ఆవిరై, వేల డిగ్రీల మండే మేఘం అవుతుంది. దీన్ని అబ్లేషన్ అంటారు. మనం చెదరగొట్టటం అందాం.

గిన్నె అడుగున బిళ్ళ

పని తీరు చాలా సాదా. జింకు సల్ఫైడు పొడిలో గాని, జింకు ఆక్సైడు పొడిలో గాని, మాంగనీసు సమ్మేళనాన్ని నూటికి ఒకటి రెండు వంతులు కలిపి మెత్తగా నూరుతారు. దాన్ని అచ్చులో గట్టిగా నొక్కి బిళ్ళ చేస్తారు. కొలిమిలో పెట్టి, మన కుమ్మరి కుండను కాల్చినట్టు కాలుస్తారు. ఆ బిళ్ళను గాజుగిన్నె అడుగున పెట్టి, పైన కొన్ని మిల్లీమీటర్ల మందాన పరిశుద్ధమైన నీళ్ళు గాని సారాయి ద్రవం గాని పోస్తారు. పై నుంచి లేసరు దెబ్బలు వేస్తారు. టప్ టప్ మని చప్పుడు వినిపిస్తుంది. బిళ్ళ మీద చిన్న మెరుపు కనిపిస్తుంది. ఒకేచోట గుంట పడకుండా బిళ్ళను తిప్పుతూ ఉంటారు. కొంతసేపటికి నిర్మలంగా ఉన్న నీరు పలచని మజ్జిగ తేటలా మారుతుంది. అందులో తేలేవే నానో స్ఫటికాలు.

ఆ ఒక్క దెబ్బలో జరిగేది ఇది. మండే మేఘం పైకి లేవబోతుంది. నీరు దాన్ని లేవనివ్వదు. గట్టిగా అదిమిపెడుతుంది. లోపలి ఒత్తిడి మన వాతావరణపు ఒత్తిడికి వేల రెట్లకు పోతుంది. ఆ చుట్టూ నీరు ఆవిరై ఒక బుడగ లేస్తుంది. సెకండులో వెయ్యవ వంతైనా తిరగకముందే బుడగ ఉబ్బి, మళ్ళీ కూలిపోతుంది. ఈలోగా మేఘం చల్లని నీటి ధాటికి చప్పున చల్లారి, పరమాణువులు దొరికినవి దొరికినట్టు గుంపులు కడతాయి.

కలకండ కట్టినట్టు తీరుబడిగా ఎంచుకోవటం ఇక్కడ కుదరదు. స్టేషనులో రైలు చాలాసేపు ఆగితే టిక్కెట్లు చూసేవాడు పెట్టె పెట్టెకూ వచ్చి పరాయివారిని దింపివేస్తాడు. రైలు వచ్చిన వెంటనే కదిలిపోతే? ఎక్కినవాడు ఎక్కినట్టే. మాంగనీసు కూడా అలాగే లోపల చిక్కుపడిపోతుంది. నెమ్మదిగా, బుజ్జగించి చేయలేని పనిని తొందర చేసిపెడుతున్నదన్నమాట. ఈ విద్య రహస్యమంతా ఆ తొందరలోనే ఉన్నది.

ఇంకొక సుగుణం, ఇందులో విషపు మూలద్రవ్యాలు లేవు, కడిగి పారబోయవలసిన మడ్డి దాదాపు లేదు. బిళ్ళ, నీరు, వెలుగు - అంతే. బిళ్ళలో ఏ పాళ్ళు కలిపితే చాలా సందర్భాల్లో నలుసులోకీ ఇంచుమించు ఆ పాళ్ళే వస్తాయి.

మన దేశంలో

ఈ విద్యలో మన దేశానికి మొదటి వరసలోనే చోటున్నది. 1987లో పూనా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞులు నీటిలోని ఇనుము మీద లేసరు దెబ్బవేసి, ఆ క్షణంలో పుట్టిన ఆక్సైడు చల్లారే వేగానికి ఆ రూపంలోనే బిగుసుకుపోతుందని చూపించారు. ద్రవంలో లేసరుతో కొత్త పదార్థాలు చేయవచ్చుననడానికి అది తొలి నిదర్శనాలలో ఒకటి. 1993లో జర్మనీలోను, అమెరికాలోను ఇదే మార్గంలో ద్రవంలో తేలే లోహపు నలుసులను తయారుచేశారు. 2007లో కాన్పూరు ఐఐటీ వారు నీటిలో ఉత్త జింకు రేకును చెదరగొట్టి జింకు ఆక్సైడు నలుసులను రాబట్టారు. 2008లో కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం వారు సబ్బువంటి ఏ రసాయనపు సహాయమూ లేకుండానే వెలిగే జింకు ఆక్సైడు నలుసులను చేశారు.

మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంకా పొట్టి దెబ్బలు, అంటే సెకండులో లక్షకోట్లవ వంతు లెక్కన కొలిచే దెబ్బలు కొట్టే లేసరులున్నాయి. వాటితో అక్కడివారు ద్రవంలో వెండి, బంగారం నలుసులను చేసి, పేలుడు పదార్థాల జాడను పసిగట్టడానికి వాడుతున్నారు. అది కల్తీ స్ఫటికం పని కాకపోయినా విద్య ఒకటే.

లోపలే ఉన్నాడా?

అతిథి ఇంట్లోకి వెళ్ళాడా, అరుగు మీదే కూర్చున్నాడా అన్నది ఎలా తెలుస్తుంది? కంటితో చూసే వీలు లేదు. అందుకని పరీక్షలు పెడతారు. నలుసులను అయస్కాంతాల నడుమ పెట్టి సూక్ష్మతరంగాలు పంపితే మాంగనీసు ఆరు గీతలు గీసి తన ఉనికి చెప్పుకుంటుంది. లోపల ఉంటే ఆ గీతలు దగ్గర దగ్గరగా, పైపొర మీద ఉంటే ఎడమెడంగా పడతాయి. అతినీల లోహిత దీపం కింద నారింజ వెలుగు వస్తే అది మరొక సాక్ష్యం.

ఈ సాక్ష్యాల విషయంలో ఎంత జాగ్రత్త కావాలో చెప్పే ముచ్చట ఒకటున్నది. జింకు ఆక్సైడులో మాంగనీసు, కోబాల్టు కలిపితే అది మామూలు వేడిలోనే అయస్కాంతం అవుతుందని ఒకప్పుడు చాలామంది ఉత్సాహపడ్డారు. తరువాత అనేక సందర్భాలలో అయస్కాంతత్వం స్ఫటికానిది కాదనీ, అక్కడక్కడ ముద్దకట్టిన లోహానిదనీ తేలింది. ఇటువంటిదే హాఫ్నియం ఆక్సైడు పొరల విషయంలో జరిగింది. 2005లో కొందరు శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ నమూనాలను పట్టుకున్న ఉక్కు చిమటా నుంచి అంటిన ఇనుపరజను వల్ల కూడా అటువంటి అయస్కాంతత్వమే కనబడుతుందని చూపించారు. మేలు కల్తీని వెతికేవారికి అసలు కల్తీ ఇలా దొంగదెబ్బ తీస్తుంది సుమా!

లోటుపాట్లు

ఈ విద్యకు లోట్లు లేకపోలేదు. మామూలు ప్రయోగశాల లేసరుతో గంటసేపు కొడితే వచ్చేది మిల్లీగ్రాముల లెక్క. చిటికెడు కుంకుమంత కూడా కాదు. నలుసులన్నీ ఒక కొలతలో రావు. పెద్దవీ చిన్నవీ కలగాపులగంగా వస్తాయి. అతిథి లోపలికి వెళ్ళిన నలుసులతో పాటు వెళ్ళనివీ ఉంటాయి. నీటిలోని ఆక్సిజను సల్ఫైడును కొంత ఆక్సైడుగా మార్చివేయవచ్చు. యంత్రం ఖరీదు. ఆ వెలుగు కంట్లో పడితే చూపు పోవచ్చు గనుక రక్షణ కళ్ళద్దాలు లేనిదే దగ్గరకు పోరాదు.

వీటిలో మొదటి లోటు తీరే సూచనలు కనబడుతున్నాయి. 2016లో జర్మనీలోని డూయిస్‌బుర్గ్-ఎస్సెన్ విశ్వవిద్యాలయం వారు వేగంగా తిరిగే అద్దంతో లేసరు చుక్కను క్షణంక్షణం కొత్తచోటికి తరలిస్తూ, ఒక దెబ్బ లేపిన బుడగ తరువాతి దెబ్బకు అడ్డం రాకుండా చూశారు. ఆ ఉపాయంతో గంటకు 4 గ్రాముల ప్లాటినం నలుసులు వచ్చాయి. మిల్లీగ్రాముల నుంచి గ్రాములకు రావటం చిన్న అడుగు కాదు. అయితే అది కల్తీ లేని లోహంతో సాధించిన లెక్క అని గుర్తుంచుకోవాలి. మాంగనీసు అతిథులున్న స్ఫటికాలను అంత వడిగా, అంత నమ్మకంగా చేయటం అనేది ఇంకా సాధించవలసిన పని.

ఈలోగా కాడ్మియం లేని ఇతర నలుసులు కూడా బజారుకు వచ్చాయి. ఇండియం ఫాస్ఫైడు అనే పదార్థంతో చేసినవి ఇప్పటికే టెలివిజన్లలో వాడుతున్నారు. కాని ఇండియం జింకంత చవకగా, విరివిగా దొరికేది కాదు. జింకు అలా కాదు. మన ఇంటి రేకుల మీద పూత అది, పసిపిల్లల ఒంటికి రాసే పౌడర్లలోను, లేపనాలలోను ఉండేది దాని ఆక్సైడే. అంత సాధారణమైన పదార్థానికి చిటికెడు మాంగనీసు చేర్చి, వెలుగుతో కొట్టి, విషంలేని వెలుగును రాబట్టాలన్నదే ఈ ప్రయత్నమంతా.

గడియారపు అంకెలు దిద్దిన ఆడపిల్లలకూ, జింజూ నది ఒడ్డున అన్నం తిన్న తల్లులకూ తాము దేనికి మూల్యం చెల్లిస్తున్నామో ముందుగా ఎవ్వరూ చెప్పలేదు. ఇకముందు కొత్త వెలుగు ఏది ఇంటికి వచ్చినా, అది ఎంత అందంగా ఉన్నదని మాత్రమే కాక, దానిలో ఏమి కలిపారని కూడా మనం అడగాలి. పాలవాణ్ణి అడిగే ప్రశ్నే అది. తేడా ఒక్కటే - ఇక్కడ కల్తీ లేదన్న జవాబు మనకు పనికిరాదు. మంచి కల్తీయేనన్న జవాబు కావాలి.